నాచు డీజిల్ గురించి బహిరంగ లేఖ: ముందు ఎకరం లెక్క చూపించండి

రాష్ట్ర ఇంధన శాఖ, మత్స్య శాఖ ఉన్నతాధికారులకు,
జీవ ఇంధనాల విధానం చూసే కేంద్ర అధికారులకు,
సూక్ష్మ నాచు మీద పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్తలకు

గోదావరి డెల్టా ఆక్వా రైతుల నమస్కారాలు.

అయ్యా, అమ్మా,

నీళ్ళలో పెరిగే సూక్ష్మ నాచు నుంచి నూనె తీయవచ్చు, ఆ నూనెతో డీజిల్ చేయవచ్చు. ఆ మాటతో మాకు పేచీ లేదు. భావనగర్‌లోని కేంద్ర లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ 2012లో నాచు బయోడీజిల్ కలిపిన ఇంధనంతో వాహనం నడిపి చూపించింది. 2018 జాతీయ జీవ ఇంధన విధానం కూడా నాచును ముడిసరుకుల్లో ఒకటిగా చేర్చింది. ప్రయోగశాలలో రుజువైన ఈ సంగతి మా చెరువు గట్టు మీదికి ఎవరి నోట, ఏ రూపంలో వచ్చిందన్నదే మా బాధ.

రెండేళ్ళ కిందట ఒక ప్రైవేటు సంస్థ మనుషులు మా మండలంలో కల్యాణ మండపం అద్దెకు తీసుకుని మీటింగు పెట్టారు. భోజనాలు పెట్టారు, తెర మీద బొమ్మలు చూపించారు. ఎకరానికి ఏడాదికి 23 వేల లీటర్ల నూనె వస్తుందని కరపత్రంలో అచ్చువేశారు. రొయ్యకు వైట్ స్పాట్ భయం ఉంది, నాచుకు ఏ జబ్బూ లేదన్నారు. సీడు, మేత ఖర్చు ఉండదన్నారు. సరుకంతా తామే కొంటామన్నారు. కొందరు రైతులు ఒప్పంద పత్రాల మీద సంతకాలు చేశారు. అందులో చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది: ఎండు సరుకులో నూనె 30 శాతం కంటే తగ్గితే కొనాల్సిన బాధ్యత సంస్థకు లేదు. ఆ శాతం కొలిచేది వాళ్ళ ల్యాబే.

మా పక్క చెరువు రైతు సంగతి చెబుతాను. ఆయన సొంత భూమి లేనివాడు, నాలుగు ఎకరాలు లీజుకు చేస్తాడు. చెరువును చిన్న మడులుగా కట్టి, అడుగున ప్లాస్టిక్ షీటు పరిచి, నీళ్ళు తిప్పే చక్రాలు పెట్టాడు. అన్నీ అప్పే. కల్చరు, అంటే విత్తనంలా వేసే నాచు, నీలం డబ్బాల్లో వచ్చింది. మొదట్లో నీళ్ళు చిలకపచ్చగా తిరిగి, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. వానలు పడ్డాయి. ఒకరోజు తెల్లారేసరికి నీళ్ళు టీ రంగుకు వచ్చేశాయి. సీసాలో పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే రోటిఫర్లనే నాచు తినే సన్నపురుగులు తెల్లగా కిటకిటలాడుతున్నాయి, నాచునంతా మేసేశాయి. మళ్ళీ కల్చరు కొన్నాడు. ఈసారి సరుకు చేతికొచ్చింది గానీ ల్యాబులో నూనె 14 శాతమే అన్నారు. యూరియా వేయడం ఆపు, అప్పుడు శాతం పెరుగుతుంది అని వాళ్ళ టెక్నీషియన్ సలహా. ఆపాడు. నీళ్ళు పసుపు తిరిగాయి, శాతం 30 దాటింది, సరుకు మాత్రం మూడో వంతుకు పడిపోయింది. గుడ్డల్లో వడగట్టిన ముద్ద లారీ కోసం ఎదురుచూస్తూ రెండో రోజుకే కంపు కొట్టింది. లారీ రాలేదు. కొన్నాళ్ళకు సంస్థ ఫోను కూడా ఎత్తడం మానేసింది.

మేం అర్జీ ఇచ్చాం, రసీదు ఇచ్చారు. కొన్ని నెలలకు "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో అడగడానికి వెళ్తే, ఇది చేపా కాదు రొయ్యా కాదు కాబట్టి తమది కాదని ఒక కార్యాలయం, ఇది పంట కాదు కాబట్టి తమది కాదని ఇంకొకటి, కరెంటు తయారుచేసే ప్లాంటు కాదు కదా అని మూడోది చేతులెత్తేశాయి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే కోరిన సమాచారం అందుబాటులో లేదన్నారు. అందుకే ఈ లేఖ.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నామంటే, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచాక రొయ్య రైతు గుండె జారింది. ఆ తర్వాత ఏం మారినా, చెరువు మీద నమ్మకం మునుపటిలా లేదు. ఇంకో దారి ఉందా అని చూస్తున్న రైతు ముందుకు మళ్ళీ కొత్త పేర్లతో, కొత్త కరపత్రాలతో మనుషులు వస్తున్నారు. ఈసారి డీజిల్ అనడం లేదు, విమానాల ఇంధనం అంటున్నారు. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027కు 1 శాతం, 2028కు 2 శాతం పర్యావరణహిత ఇంధనం కలపాలని కేంద్రం సూచనాత్మక లక్ష్యం పెట్టింది కదా, ఆ కాగితమే వాళ్ళకు పెట్టుబడి.

ఆ 23 వేల లీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో వెతికాను. నేను బోటనీ చదివి చెరువుల్లోకి దిగినవాణ్ణి, కాబట్టి వెతకడం కష్టం కాలేదు. 2007లో యూసుఫ్ చిస్తీ అనే శాస్త్రవేత్త రాసిన సమీక్షా వ్యాసంలో ఒక పట్టిక ఉంది. నాచులో నూనె 30 శాతం ఉంటే హెక్టారుకు ఏడాదికి 58,700 లీటర్లు, 70 శాతం ఉంటే 1,36,900 లీటర్లు అని అందులో లెక్క. పామాయిల్‌కు 5,950 లీటర్లు. హెక్టారంటే సుమారు రెండున్నర ఎకరాలు, 58,700ను వాటికి పంచితే దాదాపు కరపత్రంలోని అంకె. అయితే ఆ లెక్క కట్టింది గాజు, ప్లాస్టిక్ గొట్టాల్లో మూసి పెంచే ఫొటోబయోరియాక్టర్ల దిగుబడి ఆధారంగా. వానా, దుమ్మూ, కొంగా, రోటిఫరూ అన్నీ పడే మట్టిచెరువుకు అది వర్తించదు. వ్యాసంలో తప్పు లేదు. దాన్ని చింపి కరపత్రానికి అతికించినవాడిది తప్పు, అతికిస్తుంటే చూస్తూ ఊరుకున్నవాళ్ళది ఇంకా పెద్ద తప్పు.

మా పక్క చెరువులో జరిగింది కొత్త విషయమూ కాదు. అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 దాకా, సుమారు రెండున్నర కోట్ల డాలర్ల ఖర్చుతో, ఇదే పని మీద పరిశోధన చేయించింది. మూడు వేలకు పైగా నాచు రకాలు సేకరించి, వడపోసి మూడు వందలకు తెచ్చారు. న్యూ మెక్సికోలో రాస్‌వెల్ దగ్గర వెయ్యి చదరపు మీటర్ల చెరువులు కట్టి పెంచారు. అక్కడ తేలినవి మూడు ముక్కల్లో చెబుతాను. ఒకటి: మంచి రోజున చదరపు మీటరుకు 50 గ్రాముల దాకా ఎండు సరుకు వచ్చినా, చలి వల్ల రోజు సగటు 10 గ్రాముల దగ్గరే నిలిచింది. రెండు: ల్యాబులో ఏరికోరి తెచ్చిన రకాన్ని బయట చెరువులో వేస్తే, ఆ ఊరి నాచు వచ్చి దాన్ని తోసేసింది. మూడు: నత్రజని ఆపితే నూనె శాతం పెరుగుతుంది, కానీ ఎదుగుదల ఆగిపోతుంది కాబట్టి మొత్తం మీద చేతికొచ్చే నూనె పెరగదు. 1998లో ముగింపు నివేదిక అచ్చయింది, ఎవరైనా చదువుకోవచ్చు. అంటే, పాతికేళ్ళ కిందటే ప్రపంచానికి తెలిసిన ఇరకాటాన్ని "30 శాతం" షరతుగా మార్చి మా రైతు మెడకు తగిలించారు. శాతం కోసం పోతే సరుకు లేదు, సరుకు కోసం పోతే శాతం లేదు. ఏ దారిన పోయినా సంస్థ కొనక్కర్లేదు.

డబ్బున్నవాళ్ళకైనా అయిందా అంటే అదీ లేదు. ఎక్సాన్‌మొబిల్ 2009లో సింథటిక్ జీనోమిక్స్ అనే సంస్థతో కలిసి, అనుకున్న ఫలితాలు వస్తే 60 కోట్ల డాలర్ల దాకా పెడతానని ప్రకటించింది. 2017లో జన్యువులు మార్చి ఒక రకం నాచులో నూనెను రెట్టింపు చేశామన్నారు. 2025కల్లా రోజుకు పది వేల పీపాలు తీసే సామర్థ్యం సాధిస్తామని 2018లో అన్నారు. 2023 మొదట్లో ఎక్సాన్ నిధులు ఆపేసిందని వార్తలు వచ్చాయి. అంత పెద్ద కంపెనీకి వదిలేసి పోయే స్తోమత ఉంది. లీజుకు చెరువు చేసేవాడికి అది లేదు.

ఇక మా లెక్క చూడండి. ఎవరినీ తక్కువ చేయకుండా, రాస్‌వెల్ సగటు కంటే ఎక్కువే వేసుకుందాం, మనకు ఎండ ఎక్కువ కాబట్టి. చదరపు మీటరుకు రోజుకు 15 గ్రాముల ఎండు సరుకు, ఏడాదిలో 300 రోజులు. ఎకరానికి 18 టన్నులు. నూనె 20 శాతం అనుకుంటే సుమారు 3,900 లీటర్లు. కరపత్రంలో చెప్పినదాంట్లో ఆరో వంతు. పన్నులు, కమీషన్లు తీసేసి లీటరు డీజిల్‌కు అరవై రూపాయలు కట్టినా ఎకరం మొత్తం రాబడి రెండు లక్షల నలభై వేల లోపు. లాభం కాదు, రాబడి. అందులోంచే లీజు, కరెంటు, ఎరువు, కూలి, షీటు, వడ్డీ, నూనె తీసే ఫ్యాక్టరీ ఖర్చు అన్నీ పోవాలి.

వడగట్టడం దగ్గర అసలు కథ ఉంది. చక్రాలతో తిప్పే చెరువులో లీటరు నీటికి అర గ్రాము నాచు ఉంటే బాగా ఉన్నట్టు. అంటే ఒక్క లీటరు నూనె కోసం తొమ్మిది వేల లీటర్లకు పైగా నీళ్ళను వడపోయాలి. వడపోశాక మిగిలిన ముద్దలో కిలో ఎండు సరుకుకు నాలుగు కిలోల నీళ్ళు ఇంకా ఉంటాయి. ఆ నీళ్ళను కాచి ఆవిరి చేయాలంటే, ఆ కిలో నాచు దాచుకున్న శక్తిలో సగం దాకా ఖర్చయిపోతుంది. ఎండలో ఆరబోస్తే సరిపోదా అంటే, మా వైపు ఆరుగాలం గాలిలో తేమే, పైగా కుళ్ళు. తడి ముద్దనే అధిక ఒత్తిడిలో ఉడికించి నూనెగా మార్చే పద్ధతులు ఉన్నాయి. అవి పెద్ద ప్లాంట్ల పని, చెరువు గట్టు మీద జరిగేవి కావు.

ఈ లెక్కలు సరిచూడకుండా చెరువులను నాచుకు మళ్ళిస్తే ఎవరెవరికి ఏమవుతుందో వరసగా రాస్తున్నాం.

1. యూరియా. నాచు ఎండు బరువులో సుమారు 7 శాతం నత్రజని. ఎకరానికి 18 టన్నుల సరుకు తీయాలంటే ఏడాదికి 1.26 టన్నుల నత్రజని కావాలి. యూరియా లెక్కలో చెబితే 45 కిలోల బస్తాలు 61. వరికి ఎకరానికి ఒక పంటకు రెండు మూడు బస్తాలతో సరిపెట్టుకునే రైతు 2025 ఖరీఫ్‌లో ఆధార్ కార్డు పట్టుకుని, చెప్పులు క్యూలో పెట్టి నిలబడ్డాడు. ఒక్క ఎకరం నాచు చెరువు ఇరవై ఎకరాల వరి యూరియాను మింగుతుంది. సబ్సిడీ యూరియా పొలానికే గానీ పరిశ్రమకు వాడకూడదని నిబంధన ఉంది. ఇంధన నాచు పొలమా, పరిశ్రమా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళు లేనంతకాలం ఆ బస్తాలు దొడ్డిదారిన చెరువుల్లోకే పోతాయి, క్యూలో నిలబడేది చిన్న రైతే. నూనె తీశాక మిగిలిన పిప్పి నుంచి నత్రజనిని తిరిగి రాబట్టవచ్చని శాస్త్రవేత్తలు అంటారు. రాబట్టవచ్చు. మా ఒప్పందంలో పిప్పి కూడా సంస్థదే.

2. నీళ్ళు. రోజుకు అయిదు మిల్లీమీటర్లు ఆవిరైతే ఎకరం చెరువు ఇరవై వేల లీటర్లు పోగొట్టుకుంటుంది. చేపల చెరువులోనూ పోతుందిగా అంటారు. నిజమే. కానీ చేపల చెరువు అయిదారు అడుగుల లోతు, నాచు మడి జానెడు లోతు. జానెడు నీళ్ళలో అంత ఆవిరైతే ఉప్పు శాతం రోజురోజుకీ మారిపోతుంది, మంచినీళ్ళు పోసి సరిచేస్తూనే ఉండాలి. కాలువ చివరి ఊళ్ళకు వేసవిలో తాగునీటి చెరువు నింపడానికే వంతులు వేస్తున్న రోజుల్లో ఈ నీళ్ళు ఎక్కడివి? ఉప్పునీళ్ళే వాడతామంటే, పక్కనున్న వరి చేను సంగతేమిటి? రొయ్యల చెరువుల ఉప్పు ఊటతో చేలు పాడయ్యాయని ఊళ్ళల్లో ఇప్పటికే ఉన్న తగాదాలు చాలు.

3. కూలీలు. రొయ్యల చెరువు చుట్టూ పట్టుబడి కూలీలు, ఐసు ఫ్యాక్టరీ, బండ్లవాళ్ళు, షెడ్డుల్లో తలలు తీసే ఆడవాళ్ళు బతుకుతారు. నాచు మడి మీద అంతమందికి పని లేదు. ఒకసారి చెరువు రూపు మార్చి షీటు పరిచాక, వెనక్కి రొయ్యకు తేవడమంటే మళ్ళీ పెట్టుబడి.

4. అప్పు. దీనికి బీమా లేదు. చేపకూ రొయ్యకూ కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది, ఇంధన నాచుకు బ్యాంకులో ఏ పద్దు కింద రాయాలో మేనేజరుకే తెలియదు. అందుకని బయటి అప్పే దిక్కు. ఆక్వాజోన్‌లో అర్హులకు యూనిట్ కరెంటు రూపాయిన్నరకు ఇస్తున్నారు. చక్రాలు తిప్పే మోటారుకు ఆ ధర వస్తుందా రాదా అన్నది మా పక్క రైతుకు బిల్లు చేతికొచ్చాక గానీ తెలియలేదు.

5. నమ్మకం. ఇది రూపాయల్లో కొలవలేం గానీ, మీకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. గింజల నూనెతో డీజిల్ చేద్దామన్న జట్రోఫా మొక్క గుర్తుందా? ప్రణాళికా సంఘం కమిటీ 2003లో కోటి హెక్టార్లకు పైగా బంజర్లలో వేయాలని చెప్పింది. 2017కల్లా డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలని 2009 విధానం చెప్పింది. మెట్ట ప్రాంతాల్లో మొక్కలు పంచారు. నీళ్ళు లేనిచోట కాయ కాయలేదు, కాసినచోట కొనేవాడు రాలేదు. 2018కి వచ్చేసరికి లక్ష్యం 2030కి 5 శాతానికి దిగింది, అప్పటికి కలుస్తున్నది 1 శాతం కూడా లేదు. ఆ మొక్కలు పీకి పారేసిన రైతుకు ఎవరూ వచ్చి ఎందుకిలా అయిందో చెప్పలేదు. రేపు నిజంగా పనికొచ్చే పద్ధతి ఒకటి వచ్చినా వాడు తలుపు తీయడు.

ఇంతా రాశాక నాచుకు మేం శత్రువులమని అనుకోకండి. మా బతుకే నాచు మీద. చెరువులో నీళ్ళు పచ్చగా తిరిగితేనే బొచ్చె, శీలావతి ఎదుగుతాయి. విశాఖ నుంచి నెల్లూరు దాకా తీరం వెంట రొయ్య పిల్లలను పుట్టించే హేచరీల్లో ప్రతిదాంట్లో ఒక ఆల్గే గది, అంటే నాచు పెంచే గది, ఉంటుంది. కీటోసెరాస్, థలాసియోసిరా లాంటి రకాలను అక్కడ గాజు సీసాల్లో మొదలుపెట్టి తొట్లకు ఎక్కిస్తారు. రొయ్య పిల్లకు అదే తొలి మేత. అంటే, ఈ రాష్ట్రంలో నాచు పెంచడం వచ్చిన చేతులు వందల్లో ఉన్నాయి. కిలో లెక్కన చూస్తే డీజిల్ కంటే మేతగా, మనుషులు తినే స్పిరులినాగా అమ్ముడయ్యే నాచుకే ధర ఎక్కువ. ఇంధనం మీద ప్రభుత్వానికి నిజంగా మనసుంటే మొదలుపెట్టాల్సిన చోటు మా చెరువు కాదు, మురుగు కాలువ.

కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ 1950లలోనే పట్టణ మురుగునీటిలో నాచు పెంచి నీటిని శుద్ధి చేసే చెరువులు రూపొందించాడు. నాచు పగలు విడిచే ఆక్సిజన్‌తో బ్యాక్టీరియా మురుగును తింటుంది, బ్యాక్టీరియా విడిచే కార్బన్ డయాక్సైడ్‌నూ, మురుగులోని నత్రజని, భాస్వరాలనూ నాచు తీసుకుంటుంది. అక్కడ యూరియా బస్తా అక్కర్లేదు, నీళ్ళకు గాలి ఎక్కించే ఏరేటరు కరెంటు తగ్గుతుంది. స్పెయిన్‌లో చిక్లానా అనే పట్టణంలో యూరోపియన్ యూనియన్ డబ్బుతో 2011లో మొదలైన ప్రాజెక్టులో మురుగునీటి నాచును బయోగ్యాసుగా మార్చి, ఆ గ్యాసుతో కార్లు నడిపారు. అందులో ఎండబెట్టే పని లేదు, నూనె శాతం గొడవ లేదు, ఏ రకం నాచు వచ్చి చేరినా ఫరవాలేదు. ఊరి నాచు వచ్చి తోసేసిందన్న రాస్‌వెల్ బాధ అక్కడ బాధే కాదు. ఇంధనం రూపంలో వచ్చేది కొంచెమే అయినా, నీళ్ళు శుభ్రమైనందుకు మునిసిపాలిటీకి మిగిలేది లెక్కలో కలుస్తుంది.

మాకు మురుగుకు కొదవా? భీమవరం మీదుగా పోయే యనమదుర్రు డ్రెయిన్ పక్కన ఒక పూట నిలబడి చూడండి. ఏలూరు మురుగు కొల్లేరులోకే చేరుతోంది. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఎండాకాలం వచ్చేసరికి తనంతట తానే పచ్చబడి ఊరంతా కంపు కొడుతుంది. అక్కడికి దగ్గర్లోనే తార్నాకలో భారత రసాయన సాంకేతిక సంస్థ ఉంది, మురుగునీటి నాచు మీద ఏళ్ళుగా పనిచేసిన శాస్త్రవేత్తలు అందులో ఉన్నారు. విద్య ఉంది, మురుగు ఉంది, ఎండ ఉంది. రెండు రాష్ట్రాల్లో ఒక్క పట్టణానికైనా ఈ మూడింటినీ కలిపి చూడమని అడగడం అత్యాశ కాదనుకుంటాం.

మా కోరికలు ఇవి.

1. ప్రభుత్వ డబ్బుతో, ప్రభుత్వ సంస్థల్లో ఇప్పటిదాకా జరిగిన నాచు ఇంధన ప్రయోగాలన్నిటికీ ఎకరం లెక్క తెలుగులో బయటపెట్టండి. మంచి రోజు దిగుబడి వద్దు, ఏడాది సగటు కావాలి. ఎన్నిసార్లు కల్చరు చచ్చిందో, యూనిట్ల కరెంటు ఎంతో, పోసిన నీళ్ళు ఎన్నో, లీటరు నూనెకు పడిన ఖర్చు ఎంతో అన్నీ ఉండాలి.

2. ఇంధనం కోసం నాచు పెంచడం ఏ శాఖ కిందికి వస్తుందో ఉత్తర్వు ఇవ్వండి. రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం 2020 దీనికి వర్తిస్తుందో లేదో తేల్చండి. కరెంటు ధర, ఎరువు, బ్యాంకు పద్దు అన్నీ ఆ ఉత్తర్వు మీదే ఆధారపడి ఉన్నాయి.

3. రైతుతో ఒప్పందం చేసుకునే ఏ సంస్థ అయినా ఆ శాఖ దగ్గర నమోదు కావాలి. కనీసం ఒక ఏడాది కొనుగోలుకు సరిపడా బ్యాంకు గ్యారంటీ ముందుగా కట్టాలి. తన సొంత చెరువులో, ఇదే డెల్టా వాతావరణంలో, వానాకాలంతో కలిపి పన్నెండు నెలలు పెంచి చూపించాకే రైతు దగ్గరికి రావాలి.

4. ధర ఎండు బరువు మీద ఉండాలి. నూనె శాతం షరతు పెట్టాలంటే పరీక్ష మూడో పక్షం ల్యాబులో, రైతు ఎదుట సీలు వేసిన నమూనాతో జరగాలి. ఒప్పందం తెలుగులో ఉండాలి, షరతులన్నీ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. ఇది నవ్వులాటగా అనిపిస్తే మా పక్క రైతు దగ్గరున్న కాగితం చూపిస్తాం.

5. పట్టణ మురుగునీటి శుద్ధి కేంద్రం ఉన్న చోట, ఆ కేంద్రం స్థలంలోనే, ఒక నమూనా నాచు చెరువు కట్టి బయోగ్యాసు తీయండి. రాష్ట్రం 2024 అక్టోబరులో తెచ్చిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానంలో జీవ ఇంధనాలకు చోటుంది కాబట్టి కొత్త విధానం కూడా అక్కర్లేదు. హేచరీల్లో ఆల్గే గది నడిపిన కుర్రాళ్ళకు అందులో పని ఇవ్వండి.

6. ఇప్పటికే మోసపోయినవారి మీద విచారణ జరిపించండి. మోసపోయినవారి మీద అంటున్నది తెలిసే: అర్జీ ఇచ్చిన రైతులను పిలిచి ప్రశ్నలడిగారు గానీ, కరపత్రం పంచినవాళ్ళను ఇప్పటిదాకా ఎవరూ పిలవలేదు. ఈసారి వాళ్ళను కూడా పిలవండి. సొంత భూమి లేని కౌలుదారులకు పరిహారం వచ్చేటట్టు చూడండి, ఎందుకంటే కాగితాల మీద చెరువు వాళ్ళది కాదు, అప్పు మాత్రం వాళ్ళదే.

శాస్త్రవేత్తలకు ఒక మాట విడిగా. మీ పరిశోధన ఆపమని మేం అడగడం లేదు, ఇంకా నిధులు రావాలనే అడుగుతాం. ఒక్కటే కోరిక: పత్రికలవాళ్ళు వచ్చినప్పుడు "సోయా కంటే ముప్పై రెట్లు నూనె" అన్న వాక్యం దగ్గర ఆగకండి. అది ఎంత లోతు నీళ్ళలో, ఎన్ని రోజుల సగటో, లీటరుకు ఎంత పడిందో కూడా అదే నోటితో చెప్పండి. మీరు వదిలేసిన సగం వాక్యాన్ని మా ఊళ్ళో ఇంకొకరు పూరిస్తున్నారు. వీలైతే మీలో ఒకరు రండి. చెరువు గట్టు మీదే కూర్చుని రైతులతో మాట్లాడండి. మీరు అడిగే ప్రశ్నలకు మావాళ్ళ దగ్గర జవాబులున్నాయి. నీళ్ళను పచ్చబరిచే ప్లాంక్టన్ ఏ వాతావరణంలో పడిపోతుందో, తెల్లవారుజామున ఆక్సిజన్ ఎప్పుడు తగ్గుతుందో ఏ పరికరం లేకుండా నీళ్ళ రంగు చూసి చెప్పేవాళ్ళున్నారు ఇక్కడ.

వేసవిలో చెరువులు ఎండగట్టి కొత్త లీజులు మాట్లాడుకుంటాం. కరపత్రాలవాళ్ళు వచ్చేది కూడా సరిగ్గా అప్పుడే. కాబట్టి రెండో, మూడో కోరికల మీద కనీసం తాత్కాలిక ఉత్తర్వు ఈ వేసవి లీజులకు ముందే రావాలి. అది కుదరదంటే, "నాచు ఇంధనం పేరుతో చేసుకునే ప్రైవేటు ఒప్పందాలకు ప్రభుత్వ అనుమతి గానీ హామీ గానీ లేదు" అని ప్రతి రైతు సేవా కేంద్రంలో ఒక నోటీసు అంటించండి. కాగితం, జిగురు మేమే తెచ్చుకుంటాం, సంతకం ఒక్కటి మీది కావాలి.

ఒప్పందాల నకళ్ళు, ల్యాబు చీటీలు, అర్జీ రసీదులు మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఎప్పుడు, ఎక్కడికి తీసుకురమ్మంటారో చెప్పండి.

ఇట్లు
గోదావరి డెల్టా ఆక్వా రైతులు, కౌలుదారుల తరఫున
ఒక చెరువు రైతు